వంతు సంచి

ఆ అర్జీ రాసింది నేను. అందులో నా పేరు లేదు.

రూళ్ల కాగితం మీద మూడు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. చివర్లో కమిటీ సభ్యులు అని గీత గీసి, కింద పదకొండు పేర్లు రాయమన్నారు. రాశాను. పదకొండో పేరు అయ్యాక, పన్నెండోది నాదే కదా అని పెన్ను ఎత్తకుండా ఆగాను. అధ్యక్షుడిగా ఉన్న పటేల్ కాగితం నా ముందు నుంచి తీసుకుని, "నువ్వు రాసినోనివి గద సాయిబూ, మల్ల నీ పేరెందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎటువైపు కూర్చున్నారో నాకు ఇప్పటికీ గుర్తే.

మాది ఖిల్లా ఘణపూర్‌కూ వనపర్తికీ మధ్యనున్న మెట్ట ఊరు. నేను దర్జీని. ఒక కుట్టుమిషను, రెండెకరాల చెల్క నా ఆస్తి. ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, కృష్ణ నీళ్లు ఎత్తిపోసే కాలువ ఒకటి మా ఊరి పక్కనుంచి తవ్వారు. నీళ్లు వస్తాయని అందరితో పాటు నేనూ సంబరపడ్డాను. తవ్వకం అయ్యాక చూసుకుంటే ఊరు ఇటుపక్క, సగం చెల్కలు అటుపక్క. మా ముస్లింల శ్మశానం, ఖబ్రస్తాన్ కూడా అటే పడింది. మధ్యలో మూడు నిలువుల లోతు గండి. ముందు పది నిమిషాల్లో చేరే చెల్కకు, తారురోడ్డు మీది వంతెన దాకా పోయి, దాటి, అవతలి గట్టు మీద వెనక్కి రావాలి. నాలుగు కిలోమీటర్లు. గట్టు మీద ఎడ్లబండి పోదు. పల్లికాయ మూటలు, గడ్డిమోపులు ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని ఆ నాలుగు కిలోమీటర్లూ మోసేవాళ్లు.

కాలువ తవ్విన మొదటి వానాకాలంలోనే మా అమ్మ పోయింది. జనాజాను భుజాల మీద అంత దూరం తిప్పి తీసుకుపోయాం. గట్టు మీద కొత్త మట్టి. వానకు నానింది. ముందున్న ఇద్దరి కాళ్లు ఒకేసారి జారాయి. జనాజా ఒరిగింది. పడలేదు కానీ, ఆ ఒరిగిన బరువు అంతా నా కుడి భుజం మీదికి వచ్చింది. ఊరి దగ్గర ఈ కాలువ మీద వంతెన పడేదాకా వదిలేది లేదని నేను అనుకున్నది అక్కడే. అర్జీ రాసింది ఆ తర్వాతి వారమే.

అర్జీ పట్టుకుని, వంతెన కోసం ఊరు వేసుకున్న కమిటీ మూడుసార్లు వనపర్తిలో ఉన్న కాలువ ఆఫీసుకు పోయింది. నేనూ వెంట పోయాను. మూడుసార్లూ పటేల్‌ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు, సాసర్లో పెట్టి చాయ్ ఇచ్చారు. కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. మేము సైకిళ్ల స్టాండు పక్కన ఎండలో నిలబడ్డాం. ఆయన మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, అయితది, జర ఓపిక పట్టాలె అనేవాడు. నాలుగోసారి ఆయన రాలేదు, మేమే పోయాం. అప్పుడు అక్కడి అటెండరు చెప్పాడు, మీ అధ్యక్షుడు వంతెన అవసరం లేదని ఎప్పుడో రాసిచ్చాడని. గ్రామస్థులకు చుట్టుదారి సమ్మతమే అని ఒక కాగితం, కింద ఒకే ఒక్క సంతకం.

ఊరికి వచ్చి నిలదీశాం. ఆయన తడబడలేదు. వంతెన బదులు ఊరి కుంటకు తూము పెడతామన్నారని, కుంట నిండితే ఊరందరికీ మంచిదని అన్నాడు. ఆ కుంట కింద ఎవరి పొలాలు ఉన్నాయో అందరికీ తెలుసు. అయినా ఆయన అబద్ధం చెప్పాడని అనను. ఊరంటే తనే అని ఆయన నిజంగానే నమ్మాడు.

మర్నాడు పొద్దున నా కొట్టు ముందు జనం జమయ్యారు. దాచుకోవడం ఎందుకు, నేను ఉతికిన లాల్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నాను. కొత్త అధ్యక్షుడు కావాలి, రాయగలిగినవాడు కావాలి, అది నేనే అని నా లెక్క. నేను గొంతు సవరించుకునే లోపు, మా వాడలో మేకలున్న ముసలావిడ అందుకుంది. మేమంతా ఆమెను అవ్వ అంటాం.

"మీకు మల్లొక పటేలు గావాల్నా? వానికి గూడ ఒక కుర్చీ ఏస్తరు, ఒక చాయ్ పోస్తరు. మన మేకలకు పెద్దెవడున్నడు చెప్పుండ్రి. కట్టె ఉన్నది. ఎవరి తలుపు కాడ కట్టె ఉంటె వాడు పోవాలె. అర్జీ గూడ గంతే."

మా దిక్కు తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మా వాడలో మేకలు మేపడానికి వేరే మనిషి లేడు. అన్ని ఇళ్ల మేకలూ ఒక్క మందగా పోతాయి, రోజుకొక ఇల్లు మేపుతుంది. సాయంత్రం మంద తోలుకొచ్చినవాళ్లు తమ చేతికట్టెను పక్కింటి తలుపుకు ఆనించి పోతారు. పొద్దున లేచి తలుపు తీసినప్పుడు కట్టె కనిపిస్తే ఆ రోజు వంతు వాళ్లది. ఎవరూ పిలవరు, ఎవరూ గుర్తుచేయరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్కరోజు కూడా మంద దొడ్లో ఉండిపోలేదు.

నేను అడ్డం పడ్డాను. "మేకలు వేరు, ఆఫీసు వేరు అవ్వా. ఇంజినీరుతోని మాట్లాడాల్నంటె సదువుండాలె."

"నీకున్నది గద సదువు. ఏం జేసినవ్? ఎండకు నిలవడ్డవ్," అంది. మళ్లీ నవ్వారు. మొదటిసారి నవ్వినవాళ్లలో నలుగురు ఇక్కడా ఉన్నారు. "నీకు శాతనైంది చెప్తున్న. సంచులు గుట్టు."

కుట్టాను. కుట్టకపోతే కోపంతో కుట్టలేదంటారు. ప్యాంటు ముక్కలు మిగిలినవి జోడించి మూడు సంచులు, భుజానికి వేసుకునేందుకు పొడుగు పట్టీలతో. ఊళ్లో మూడు వాడలు కాబట్టి మూడు సంచులు. కాలువ మొదలయ్యేది గద్వాల వైపు, అక్కడ ఒక ఆఫీసు ఉంది, అది కింది వాడకు. వనపర్తి ఆఫీసు నడిమి వాడకు. నక్షాలు ఖాయం చేసే పెద్ద ఆఫీసు నాగర్‌కర్నూలులో ఉండేది, అది మా వాడకు. వాడకు వారానికి ఒకరు, ఒక్కో సంచిలో వెనకటి అర్జీల నకళ్లు, ఆ మనిషి సొంత అర్జీ. కుర్చీ వేసినా కూర్చోవద్దు. చాయ్ ఇచ్చినా తాగొద్దు. తన అర్జీ మీద తప్ప ఇంకే కాగితం మీదా సంతకం పెట్టొద్దు. నకలు మీద ముద్ర వేయించుకుని రావాలి. సాయంత్రం సంచిని పక్కింటి తలుపు గొళ్లేనికి తగిలించి, జరిగిందంతా ఆ గడప ముందు నిలబడి చెప్పాలి. ఈ షరతులన్నీ ఎవరు పెట్టారంటే చెప్పలేను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి అన్నారు.

అర్జీ ఎవరిది వాళ్లే చెప్పుకోవాలని కూడా అన్నారు. రాయరానివాళ్లకు నేను రాసిపెట్టాను, కానీ వాళ్ల మాటల్లోనే. వంతెనను బిర్జి అంటే బిర్జి అనే రాశాను. గౌరవనీయులైన, సవినయముగా లాంటి నా మాటలన్నీ మూలకు పడ్డాయి. అది నాకు కష్టంగానే ఉండేది. చెప్పుకుంటే నవ్వుతారని చెప్పలేదు.

ఆఫీసుల్లో మాత్రం పరేషాన్ మొదలైంది. మా ఎదురింటి కోడలు పోయిన రోజు, మీ లీడర్ ఎవరని అడిగారట. "ఇయ్యాల నేనే సార్. వచ్చేవారం మా పక్కింటాయన," అని చెప్పి వచ్చింది. ఇట్లా కాదని ఒకసారి నేరుగా మా వాడకే జీపు పంపారు. లీడర్ ఇల్లెక్కడ అని మొదటి ఇంట్లో అడిగితే పక్కిల్లు చూపించారు. వాళ్లు ఆ పక్కది చూపించారు. జీపు వాడంతా తిరిగి, బయలుదేరిన ఇంటి ముందుకే వచ్చింది. డ్రైవరు దిగి మంచినీళ్లు అడిగి తాగాడు, పోయారు.

ఏడెనిమిది నెలలకు సంచి నా తలుపుకు వచ్చింది. నాగర్‌కర్నూలు ఆఫీసులో ఇంజినీరు నన్ను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. నిలబడే ఉన్నాను. ఆయన ఒక కట్ట తెచ్చి బల్ల మీద విప్పాడు. మూడు ఆఫీసుల నుంచి చేరిన మా అర్జీలు.

"ఇవన్నీ మీవేగా? చూడండి, ఏడు చోట్లు రాశారు. ఏడు వంతెనలు కట్టాలా? పైగా అసలు అవసరమే లేదని మీ ఊరి కాగితం ఒకటుంది. ముందు మీలో మీరు తేల్చుకోండి."

చూశాను. నిజమే. ఒకరు దొడ్డిబాట దగ్గర అని రాశారు, ఒకరు వేపచెట్టు బాయి దగ్గర అని, ఒకరు తమ చెల్క ఎదురుగా అని. చాలామందికి రాసిపెట్టిన చేయి నాదే, నాకూ తట్టలేదు. వంతెన కావాలని అందరం అన్నాం, ఎక్కడ అని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరి గడప నుంచి వాళ్లకు తోచిన బాట రాసుకున్నాం. పటేల్ అధ్యక్షుడిగా ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. ఆయన ఒకే చోటు రాసేవాడు, తనకు పనికొచ్చేది. ఇది మా వంతుల పద్ధతికే పుట్టిన పొరపాటు. ఇక ఆ రోజు నా సంచిలో ఉన్న నా అర్జీలో ఏముందంటారా, ఖబ్రస్తాన్ బాట దగ్గర అని ఉంది.

ముద్ర వేయించుకుని ఇంటికి వచ్చాను. ఇప్పుడు రాసేది నేను చేసిన తప్పు. మా పక్కిల్లు పటేల్‌ది. సంచి ఆయన తలుపుకు తగిలించాలి. మూడు పేజీల అర్జీలో నా పేరు మింగినవాడికి నేను కుట్టిన సంచి ఎందుకు అనుకున్నాను. ఆయన గోడ దాటి, అవతలి ఇంటి గొళ్లేనికి తగిలించాను. అవ్వ మేకలను కట్టేస్తూ చూసింది.

ఏడు చోట్ల మాట ఊళ్లో పాకింది. సాయిబు పోయిన రోజే పని చెడింది అన్నారు. చెడింది ఎనిమిది నెలల కిందట, కనిపించింది నా వంతు రోజున. ఆ తేడా చెప్పబోతే వినేవాడు లేడు. పటేల్ తన అరుగు మీద కూర్చుని, తల లేకుంటె గిట్లనే ఉంటది అన్నాడు. కొందరు తలలూపారు కూడా. ఆ వారం సంచి మూడు వాడల్లోనూ కదల్లేదు. వంతెన పని అయిపోయినట్టే అనిపించింది.

దారి చూపించింది నా భార్య. ఆమె పుట్టిల్లు గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున. అక్కడ జనాన్ని నది దాటించే పుట్టి ఎక్కడ ఆగాలో ఎవరూ నిర్ణయించరని, ఎక్కువ కాళ్లు ఎక్కడ ఇసుకలో దిగితే పుట్టివాడు అక్కడికే తెస్తాడని చెప్పింది. మనకు ఇసుక లేదు కాబట్టి రాళ్లు వేద్దామంది. ఆదివారం పొద్దున పెద్దవాళ్లంతా, ఆడా మగా, కాలువ లేనప్పుడు తాము రోజూ నడిచిన బాటనే పోవాలి. కాలువ అడ్డం వచ్చిన చోట ఒక్క రాయి వేసి వెనక్కి రావాలి. మాట్లాడేది లేదు, మీటింగు లేదు. ఈ మాట ఆమె నీళ్ల పంపు దగ్గర చెప్పింది, అక్కడి నుంచి అన్ని గడపలకూ అదే పోయింది.

ఆదివారం ఎండెక్కే వేళకు గట్టు మీద ఏడు కుప్పలు లేచాయి. కింది వాడ వెనక దొడ్డిబాట దగ్గర కుప్ప మోకాలి ఎత్తు ఉంది. మిగతావి దాని ముందు లెక్కకు రావు. ఖబ్రస్తాన్ బాట దగ్గర తొమ్మిది రాళ్లు. రెండుసార్లు లెక్కపెట్టాను. మా ముస్లింల ఇళ్లలో పెద్దవాళ్లం పదిమందిమి. నేను ఇంటికి పోయి, పదో రాయి ఏదని నా భార్యను అడిగాను.

ఆమె ఉల్లిగడ్డ తరగడం ఆపలేదు. "నా రాయి దొడ్డిబాట కాడ ఉన్నది. నేను రోజు గడ్డిమోపు మోసే బాట అదే. నువ్వు సైకిల్ మీద పోతవ్, నీకేం తెల్వదు."

అమ్మను ఆ రోజు ఎట్లా మోసుకుపోయామో మరిచిపోయావా అన్నాను.

"దొడ్డిబాట నుంచి పోయినా అత్తమ్మ కాడికే పోతం," అంది. "జర దూరమైతది, అంతే."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె గమనించినట్టు కూడా లేదు. మూడో రోజు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచి నా చేతి మీదుగా పోయిన ప్రతి అర్జీలోనూ, ఎవరు ఏ మాటల్లో చెప్పినా, చోటు మాత్రం ఒక్కటే రాశాను. దొడ్డిబాట దగ్గర. నాది కూడా అట్లాగే రాసి పెట్టుకున్నాను. పెన్ను గట్టిగా నొక్కానేమో, వెనక పేజీలో అచ్చు పడింది. సంచులు మళ్లీ కదిలాయి.

చోటు తేలింది కానీ ఆ పాత కాగితం అట్లాగే ఉంది. ఎవరు పోయినా ఇంజినీరు దాన్నే తీసి చూపించేవాడు. సంతకం చేసినాయన వచ్చి వెనక్కి తీసుకుంటే తప్ప ఫైలు ముందుకు పోదన్నాడు. ఆ ఏడాదంతా అదే మాట. రెండో చుట్టులో సంచి నా తలుపుకు వచ్చింది, పోయి అదే మాట విని వచ్చాను. బస్సు దిగి వాడలోకి వస్తుంటే పొద్దు ఇంకా ఉంది. అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది.

"పోయిన వంతుల ఒక ఇల్లు దాటిచ్చినవ్," అంది. "నా రైక బట్ట ఖరాబ్ జేసినవ్, యాదున్నదా? ఏడాది నీతోని మాట్లాడలే. గప్పుడు గూడ కట్టె నీ తలుపుకే పెట్టిన. దాటిచ్చిన్నా?"

దాటించలేదు. ఆ ఏడాది నాకూ గుర్తుంది.

పటేల్ తలుపు గొళ్లేనికి సంచి తగిలించాను. చప్పుడుకు ఆయన బయటికి వచ్చాడు. నేను షరతు ప్రకారం ఇంజినీరు చెప్పింది చెప్పాను. ఆ కాగితం సంగతి కూడా చెప్పాను. ఆయన దాని గురించి ఏమీ అడగలేదు.

"పోయిన వంతుల నా ఇంటికి రాలేదేంది సంచి?" అన్నాడు.

"అర్జీల నా పేరు రాలేదేంది పటేలా?"

"గది వేరే ముచ్చట."

"నాకైతె రెండు ఒకటే."

ఆయన సంచి వైపు చూశాడు. "అందరి ఇండ్లకు వొయ్యి నా ఇంటికి రాకపోతె, నన్ను ఊర్లకెల్లి తీసేసిండ్రనుకున్న," అన్నాడు లోపలికి పోతూ. మొదటి అర్జీ రోజున నాకు కలిగింది కూడా సరిగ్గా అదే. ఆ మాట ఆయనతో అనలేదు. అని ఉండాల్సిందేమో.

నాలుగు రోజులు సంచి ఆ తలుపుకే వేలాడింది. వాడంతా వచ్చేటప్పుడు పోయేటప్పుడు దాన్ని చూస్తోంది. ఆయన పోకపోతే పద్ధతే తెగిపోతుందని అందరికీ తెలుసు, ఎవరూ పోయి చెప్పలేదు. అయిదో రోజు పొద్దున తెల్ల పంచెతో, భుజానికి నా ప్యాంటు ముక్కల సంచితో పటేల్ బస్సు కోసం నిలబడ్డాడు. నా కొట్టులోంచి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

సాయంత్రం ఆయన పక్కింటి గడప ముందు నిలబడి చెబుతుంటే, నా గుమ్మంలోంచి విన్నాను. కుర్చీ వేశారట. కూర్చోలేదట. ఎందుకు నిలబడ్డారని ఇంజినీరు అడిగితే, ఇయ్యాల నేను అధ్యక్షుణ్ణి గాదు సార్, వంతుకొచ్చిన అన్నాడట. వెనకటి కాగితం మీది సంతకం తనొక్కడిదేనని, ఊరిది కాదని, వంతెన దొడ్డిబాట దగ్గర కావాలని తన చేతితో రాసిచ్చాడు. ముద్ర ఉన్న నకలు తీసి పక్కింటాయనకు చూపించి సంచిలో పెట్టాడు.

ఆ తర్వాత కూడా సంచులు నెలల తరబడి తిరిగాయి. సున్నంతో గీతలు గీసిపోయారు, వానలు వాటిని కడిగేశాయి, మళ్లీ పోయాం, మళ్లీ గీశారు. మరుసటి ఎండాకాలం దొడ్డిబాట దగ్గర వంతెన కట్టారు. మొదటి రోజే పల్లికాయ మూటలు వేసుకుని ఎడ్లబండ్లు దాటాయి. నా భార్య గడ్డిమోపుతో దాటింది. నేను దాటి అమ్మ దగ్గరికి పోయాను. ఖబ్రస్తాన్ బాట దగ్గర కట్టి ఉంటే పది నిమిషాలు, ఇప్పుడు ఇరవై అయిదు. పోయిన ప్రతిసారీ గడియారం చూసుకుంటాను, వచ్చి ఇంట్లో చెబుతాను.

మంజూరు కాగితం నకలు ఊరికి వచ్చినప్పుడు చదివింది నేనే. ఫలానా వారి అర్జీ మేరకు అని అందులో ఒకే పేరు ఉంది. పటేల్‌ది. ఫైలు కదిలింది ఆయన కాగితంతో కాబట్టి ఆఫీసు వాళ్లు ఆ పేరే రాసుకున్నారు. నేను ఆ కాగితం పట్టుకుని నేరుగా అవ్వ దగ్గరికి పోయాను. ఆమె అంతా విని, "మేకలు మేసినయా లేదా?" అంది. మేశాయి, నిజమే. అయినా నా కోపం తగ్గలేదు. పటేల్ నన్ను క్షమాపణ అడగలేదు, నేనూ ఆయన్ను అడగలేదు. గొళ్లేనికి సంచి తగిలించేటప్పుడు మాత్రం ఇద్దరం సరిగ్గానే తగిలిస్తాం.

సంచుల పని ఇంకా అయిపోలేదు, వంతెనకు పక్కగోడలు కట్టలేదు. మొన్న ఒక లేగదూడ కాలువలో పడింది. గోడల కోసం మా వాడ సంచి మళ్లీ బయటికి తీశారు. తీసుకొచ్చి నా మిషను మీద పడేశారు, అడుగున కుట్టు విడిపోయిందని. విప్పి మళ్లీ కుట్టాను, ఈసారి రెండు వరసలు. లోపలి మడతలో నా పేరు కుడదామా అని సూది పట్టుకుని ఆలోచించాను. కుట్టలేదు. ఒకరి పేరు పెడితే ఏమవుతుందో మూడేళ్లు చూశాను. సంచి తీసుకుపోయినవాళ్లు గోడలు వచ్చేదాకా తిప్పుతారు, నా వంతు వస్తే నేనూ తిప్పుతాను.

అది కుట్టింది ఎవరని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అందుకే ఇదంతా రాశాను.